పిడి మీద బొట్టు

జూన్ 11, ఆదివారం

ఈ డైరీ సారు చెత్తబుట్టలో వేసింది. పోయిన ఏడాదిది. పైన శనివారం అని అచ్చు ఉంది, ఈ రోజు ఆదివారం. కొట్టేసి దిద్దాను. మొదటి పేజీలో కంపెనీ బొమ్మ ఉంది, మిగతాదంతా ఖాళీ. ఏడో తరగతిలో బడి మానేశాక మళ్ళీ ఇప్పుడే ఇంత రాయడం. బడిలో నేర్పిన భాషే వస్తోంది. మాట్లాడే భాష రాయబోతే చెయ్యి ఆగుతోంది.

ఈ రోజు చూసింది ఎవరికైనా చెప్పాలి. గేటు కాపలా చూసే మా ఆయనకు చెబితే, "కత్తే గదనే, బంగారమా?" అన్నాడు. అందుకని ఇందులో రాస్తున్నాను.

పొద్దున సారు పట్నం నుంచి ఈ ఫామ్‌హౌస్‌కు వచ్చారు. నేను హాలు తుడుస్తున్నాను. ఆయన బల్ల మీద నల్ల బట్ట పరిచి, చెక్కపెట్టెలోంచి కత్తులు తీసి వరసగా పెట్టారు. అన్నీ మడత కత్తులే. ఆఫీసు పని మీద జపాన్ పోయినప్పుడల్లా ఒకటి తెచ్చుకుంటారట. వంట చేసే యోసేపన్న తలుపు దగ్గర నిలబడి, "ఇన్ని కత్తులున్నయి, ఒక్క ఉల్లిగడ్డ కొయ్యరు" అని నాకు మాత్రమే వినబడేట్టు అన్నాడు. నవ్వు ఆపుకున్నాను.

తుడుస్తూ తుడుస్తూ బల్ల దాకా వచ్చాను. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

ఒక కత్తికి ముత్యపు చిప్ప పిడి. తెల్లగా ఉంది అని రాస్తే అబద్ధం. సబ్బు నురగ మీద ఎండ పడితే గులాబీ, ఆకుపచ్చ, నీలం ఒకదాని వెనక ఒకటి ఉరుకుతాయి కదా, అట్లా ఉంది. కత్తి కదలకున్నా మనం కదిలితే చాలు, రంగు కదులుతుంది. కోసే అలుగు మీద, నీళ్ళలో గాలి తగిలినట్టు గీతలు. గీసినవి కావు. ఇనుము పొరలు మడిచి మడిచి కొడితే పైకి తేలిన గీతలు. అది నాకు చూడగానే తెలిసింది.

కానీ నేను నిలబడింది కీలు కోసం.

సారు తెరిచారు. అలుగు లేచి 'టక్' అంది. ఒక్కటే చప్పుడు. అటూ ఇటూ ఊగలేదు. మూశారు. మళ్ళీ ఒక్కటే చప్పుడు, ఇంకొంచెం మెత్తగా. మా బాపు చేసిన మడత కత్తికి రెండు చప్పుళ్ళు వస్తాయి. ఒకటి అలుగుది, ఇంకోటి కీలుది. ఆ రెండోది పోగొట్టాలని బాపు ఎంత తండ్లాడాడో నాకు తెలుసు. కొలిమి దగ్గర తిత్తి ఊదింది నేనే.

"ఏం చూస్తున్నవ్ అరుణా?" అని సారు అడిగారు.

వేలితో కీలు చూపించాను.

"అందరూ బ్లేడ్ చూస్తరు, లేదంటే హ్యాండిల్ చూస్తరు. నువ్వేంది జాయింట్ చూస్తున్నవ్?"

"మా బాపు కమ్మరి సార్. ఆలూరుల."

అంతే చెప్పాను. నాకు అదే ఎక్కువ. బకెట్ తీసుకుని బయటికి వచ్చేసరికి వీపంతా చెమట.

జూన్ 12

బాపు చేసిన కత్తి పెట్టెలోంచి తీశాను. బర్రె కొమ్ము పిడి. నాకు మామిడికాయలు కోసుకోవడానికి చేసి ఇచ్చాడు. తెరిస్తే కొంచెం ఊగుతుంది. "కీలు దొరకలే బిడ్డా, ఇంకోసారి చేస్త" అన్నాడు. ఇంకోసారి అంటూ చేసినవన్నీ ఊగాయి. తర్వాత నాకు పెళ్ళయింది.

జూన్ 25, ఆదివారం

సారు పిలిచి కత్తులు తుడిచే పని నాకు అప్పగించారు! వారానికి ఒకసారి, ఆయన ఉన్నప్పుడే. పెట్టె తాళం ఆయన దగ్గరే.

మెత్తటి బట్ట. కీలులో ఒక్క చుక్క నూనె. వేలి ముద్ర అలుగు మీద ఉండకూడదు, ఇనుము దాన్ని పట్టుకుంటుంది. ఇవన్నీ ఆయన చెప్పారు, కొన్ని నాకు తెలిసినవే. తెలుసు అని చెప్పలేదు.

ముత్యపు చిప్ప కత్తి చేసినాయన ముసలాయనట. ఒక్కడే చేస్తాడట. ఏడాదికి చేసేవి చాలా కొంచెం. కొనాలంటే చీటీలో పేరు రాయించుకుని ఏళ్ళు ఆగాలి. అలుగు మొదట్లో ఆయన పేరు చెక్కి ఉంది, చీమలు బారుగా పోయినట్టు. "దీని వీపు మీద గోరు పెట్టి చూడు" అన్నారు సారు. పెట్టాను. తెరిచి ఉన్నప్పుడు, సగం మడిచినప్పుడు, మూసినప్పుడు కూడా గోరు ఎక్కడా తగల్లేదు. లోపల అలుగును నొక్కి పట్టే ఇనుప పట్టీ మడిచేటప్పుడు వీపు మీదికి లేస్తుంది కదా, మరి ఎట్లా? మూసినప్పుడు లోపలికి చూశాను. అలుగు రెండు గోడల నడుమ సరిగ్గా మధ్యలో నిద్రపోతోంది. ఏ గోడకూ తగలడం లేదు.

సారు నా ముఖం చూసి నవ్వారు. "మా ఆవిడ ఇంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు" అన్నారు. సారుకు ఈ కత్తులంటే ప్రాణం. ఫోన్‌లో ఇంగ్లీషులో గట్టిగా అరిచే మనిషి, వీటి దగ్గర మెల్లగా మాట్లాడతారు.

జులై 3

అవ్వ ఫోన్ చేసింది. బాపు సుత్తెతో వేలి మీద కొట్టుకున్నాడట. ఎప్పుడూ కొట్టుకోని మనిషి.

జులై 10

ఆలూరు పోయి వచ్చాను. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం వచ్చాను.

బాపు కొలిమి ముందే కూర్చున్నాడు గానీ నిప్పు లేదు. కొడవళ్ళు అడిగేవాళ్ళు లేరు. పొలాలన్నీ గోడలు కట్టుకున్నాయి. పోయిన ఏడాది ఫామ్‌హౌస్ గేట్లకు కీళ్ళు చేసి ఇచ్చేవాడు, ఇప్పుడు వాటికి చేవెళ్ళలో వెల్డింగ్ షాపులున్నాయి.

అవ్వ చాయ్ ఇస్తే గిన్నె పక్కన చెయ్యి పెట్టి తడుముకున్నాడు. ఏందని అడిగితే నవ్వాడు. "ఎడమ దిక్కు మబ్బున్నట్టున్నదే. మీ అవ్వ ముఖం గుడ్క సగమే కనబడ్తున్నది. కొట్లాట సగమైంది."

"సగం ముఖంతోని కూడా తిడ్త నిన్ను" అంది అవ్వ. కళ్ళు తుడుచుకుంటూనే అంది.

మాట మార్చాలని కత్తి సంగతి చెప్పాను. బాపు మెడ నిక్కించాడు.

"వీపు ఎట్లుంటది? తెరిస్తే పట్టీ లేస్తదా?"

"లేవది బాపు. తెరిచినా మూసినా గోరు తగల్దు."

"అబద్ధం."

"ఒట్టు బాపు. నేను పెట్టి చూసిన."

"అలుగు ఊగదా?"

"ఊగదు. ఒక్కటే చప్పుడు."

బాపు బూడిదలో పుల్లతో గీతలు గీశాడు. కీలు బొమ్మ అది, నాకు తెలుసు. గీసి చెరిపాడు.

"నేనొకసారి చూడాలె బిడ్డా. కండ్లతోని చూడాలె. ఎట్ల కూసుండవెట్టిండో చూస్తే అర్థమైతది నాకు."

చూపిస్తాను అన్నాను. ఎందుకన్నానో!

జులై 14

బాపును పట్నం కంటి దవాఖానకు తీసుకుపోయాం, ఈయన, నేను. నీటి కాసులట, గ్లాకోమా అంటారట. కుడి కన్ను ఎప్పుడో పోయిందట. పోయింది ఆయనకే తెలియలేదు, ఎడమ కంటితో నెట్టుకొస్తున్నాడు. ఇప్పుడు అదీ పక్కల నుంచి మూసుకొస్తోంది. డాక్టరమ్మ మంచిది. మెల్లగా చెప్పింది. "పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని ఉంచుకోవడానికే ఈ చుక్కలు. చాలా ఆలస్యంగా వచ్చారు."

ఉన్నది ఎన్నాళ్ళు ఉంటుందని ఈయన అడిగాడు. చెప్పలేం అంది.

బస్సులో బాపు కిటికీ దగ్గర కూర్చుని మొయినాబాద్ దాకా బయటికే చూశాడు. "గొట్టంలకెల్లి చూసినట్టున్నది. నడుమ మాత్రం మంచిగున్నది" అన్నాడు.

నడుమ మంచిగున్నప్పుడే కత్తి చూపించాలి.

జులై 16, ఆదివారం

ఈయనను అడిగాను. బాపును ఒక ఆదివారం ఇక్కడికి తెస్తాను, సారు పెట్టె తెరిచినప్పుడు అయిదు నిమిషాలు చూసి పోతాడు.

"పాగల్ అయినవా? చుట్టాలు లోపలికి రావద్దని పనిల పెట్టుకున్ననాడే చెప్పిండ్రు. నా ముందు వాచ్‌మన్ బామ్మర్దులు స్విమ్మింగ్ పూల్ల బర్రెలోలె తానం చేసిండ్రు. దొరికిండ్రు. తెల్లారి గేటు బయట ఉన్నరు."

"మా బాపు పూల్ల దిగుతడా?"

"సారును అడగాలె. అడుగకుండ తెస్తే ఈ రూమ్ పోతది మనకు."

ఆయన చెప్పింది నిజమే. అత్తగారి ఊరు సురంగల్‌లో మాకు ఇల్లుంది గానీ పని లేదు. మా మామ కొలిమి మూసి ఎన్నో ఏళ్ళయింది.

వచ్చే ఆదివారం నేనే అడుగుతాను.

జులై 23, ఆదివారం

సారు స్నేహితులు వచ్చారు. అడగలేదు.

జులై 30, ఆదివారం

సారు పొద్దుటి నుంచి ఫోన్‌లోనే ఉన్నారు. ఎవరో పని ఆపేశారట, అమెరికా వాళ్ళు కోపంగా ఉన్నారట. కత్తులు తుడవమని చెయ్యి ఊపారు. నేను తుడిచి పెట్టాను. నూనె చుక్క కీలులోకి దిగి, అలుగును ఒకసారి తెరిచి మూస్తే దానంతట అదే సర్దుకుంటుంది. ఆ పని చేస్తున్నంతసేపూ నాకు భయం ఉండదు. పెట్టె మూశాక మళ్ళీ వస్తుంది.

ఆగస్టు 6, ఆదివారం

ఈ రోజు అడిగాను. అంటే, నోరు తెరిచాను.

"సార్" అన్నాను.

"చెప్పమ్మా" అన్నారు. చాలా మంచిగా అన్నారు. అంత మంచిగా అంటారనుకోలేదు. మాట మరిచిపోయాను.

"ఫినాయిల్ అయిపోయింది సార్."

"మీ ఎల్లేశ్‌కు చెప్పు, తెస్తడు."

ఇంటికి వచ్చి చెబితే ఈయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరగంట అద్దం ముందట నిలవడి ఫినాయిల్ అడిగినవా?" తర్వాత నా ముఖం చూసి ఆపాడు. "నేనడుగుత తియ్. మగోళ్ళ మధ్యల అయితది."

ఆగస్టు 13, ఆదివారం

ఈయన అడిగాడట. సారు "చూద్దాం" అన్నారట. మంచిదే. చూద్దాం అంటే ఒప్పుకున్నట్టే.

ఆగస్టు 20, ఆదివారం

సారు ఏమీ అనలేదు. పనిలో మరిచిపోయి ఉంటారు.

ఆగస్టు 27, ఆదివారం

కత్తులు తుడుస్తుంటే సారు పక్కన కూర్చుని, "మీ నాన్న ఇంకా పని చేస్తరా?" అని ఆయనే అడిగారు. ఈయన అడిగి ఉంటే సారుకు బాపు కళ్ళ సంగతి తెలిసి ఉండాలి కదా. తెలిసీ మాట వరసకు అడిగారేమో.

తల ఊపాను. అవునని ఊపానో కాదని ఊపానో నాకే తెలియదు. "గుడ్" అన్నారు.

గుడ్ అన్నప్పుడు చెప్పాల్సింది. సందు దొరికింది, వదిలేశాను.

సెప్టెంబర్ 4

అవ్వ ఫోన్. బాపు చుక్కలు వేసుకోవడం లేదట, మండుతున్నాయని. కోళ్ళను లెక్కపెట్టలేకపోతున్నాడట. ఫోన్ బాపుకు ఇవ్వమన్నాను.

"చుక్కలేసుకో బాపు."

"వేసుకుంట తియ్యే. నువ్వా కత్తి ముచ్చట చెప్పు. అలుగు మొదలు పతలగున్నదా, మందమా?"

చెప్పాను. నా కంటికి కనబడినదంతా చెప్పాను. ఆయన అడిగినదానికల్లా జవాబు చెప్పాను. చివరికి, "నీ మాటలు మంచిగున్నయి గని బిడ్డా, కీలు మాటలతోని తెలువది" అన్నాడు.

సెప్టెంబర్ 17, ఆదివారం

సారు రాలేదు.

సెప్టెంబర్ 24, ఆదివారం

సారు వచ్చారు. దసరా రోజు మధ్యాహ్నం స్నేహితులను భోజనానికి పిలిచారట. కత్తులు చూపిస్తానన్నారట. ఆ రోజు పొద్దున గుడిలో కారు పూజ ఉంది కాబట్టి ఆలస్యంగా వస్తారు. పెట్టె తాళం నాకు ఇచ్చి పోతారట ముందు రోజే! "అన్నీ తుడిచి బల్ల మీద పెట్టి ఉంచు. నీ మీద నమ్మకం నాకు" అన్నారు.

నమ్మకం అన్నారు.

ఆ రోజే అడుగుతాను. పండగ రోజు, మనసు మంచిగా ఉన్నప్పుడు. కత్తులు అందంగా కనబడాలి, సారు చూసి సంతోషపడాలి, అప్పుడు అడుగుతాను. సద్దుల బతుకమ్మకు ఆలూరు పోవాలని ఉంది గానీ పోను. దసరా అయ్యాక బాపును ఇక్కడికే తెస్తాను.

అక్టోబర్ 1, ఆదివారం

తాళం నా కొంగుకు కట్టి ఉంది. ఈయన రెండుసార్లు చూశాడు ఉందా లేదా అని.

రేపు దసరా, గాంధీ జయంతి ఒక్క రోజే వచ్చాయి. మాంసం దుకాణాలు మూసేస్తారు. యోసేపన్న ఈ రోజే మటన్ తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి, "ఏసు పండుగకు గిట్ల ఎప్పుడన్న అయిందా? మీ దసరానే గాంధీ తాతకు దొరికిందా?" అని ఒకటే గొణుగుడు.

అక్టోబర్ 2, దసరా

ఈ రోజుది రాస్తాను. ఎట్లా జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తే, నాది ఎక్కడ తప్పో నాకు తెలుస్తుంది.

పొద్దున తలస్నానం చేసి పెట్టె తెరిచాను. కత్తులన్నీ తుడిచాను. నూనె వేశాను. నల్ల బట్ట మీద వరసగా పెట్టాను. దసరా రోజు బాపు సుత్తె, దాగలి, పట్టకారు, ఆకురాయి అన్నీ కడిగి బొట్టు పెట్టేవాడు. ఆ రోజు బొట్టు లేని పనిముట్టు ఇంట్లో ఉండకూడదు. మనకు అన్నం పెట్టినదానికి ఆ రోజు మనం పెట్టాలి. ఈ కత్తులు కూడా ఎవరో ఒక ముసలాయన కొలిమి ముందు కూర్చుని చేసినవే. ఆయన దేశంలో దసరా ఉందో లేదో. ఇన్ని కత్తులు బొట్టు లేకుండా ఉంటే నాకు మనసొప్పలేదు. సారు కారుకు పూజ చేయిస్తున్నారు కదా, ఇవి చూసి సంతోషపడతారు అనుకున్నాను.

బాపు పసుపు నిమ్మరసంతో కలిపేవాడు. అట్లా కలిపితే బొట్టు రాలదు. నేనూ అట్లాగే కలిపాను. కానీ నిమ్మరసం తగిలితే ఇనుము నల్లబడుతుందని నాకు తెలుసు. కమ్మరి బిడ్డను, నాకు తెలియదా? అందుకే అలుగుకు తగలనివ్వలేదు. జాగ్రత్తగా, ఒక్కొక్క కత్తికి పిడి మీదే పెట్టాను. నిండుగా పెట్టాను. మధ్యలో కుంకుమ. పూజకు పెట్టినవి కదలించకూడదని మధ్యాహ్నం దాకా ముట్టుకోలేదు.

చెక్క పిడులకు ఏమీ కాలేదు. కొమ్ము పిడికి ఏమీ కాలేదు. ముత్యపు చిప్పకు అయింది.

సారు వచ్చి చూసి ముందు నవ్వారు. వెంట వచ్చిన జనార్దన్ సారు, "అరే, పసుపు కుంకుమతో సహా తెచ్చినవ్, జపాన్ పెండ్లికూతురు!" అన్నారు. సారు జేబురుమాలుతో ముత్యపు చిప్ప మీద బొట్టు తుడిచారు. నవ్వు ఆగిపోయింది. ఇంకోసారి తుడిచారు. నీళ్ళతో తుడిచారు. కిటికీ దగ్గరికి పోయి వెలుగులో పెట్టి చూశారు.

బొట్టు ఉన్నంత మేరా చిప్ప చచ్చిపోయింది. సున్నం గోడలా తెల్లగా, నడుమ పసుపు మరక. పక్కనంతా రంగులు ఉరుకుతూనే ఉన్నాయి, ఆ బొట్టు దగ్గరికి వచ్చి ఆగిపోతున్నాయి.

"ఇందులో ఏం కలిపినవ్?"

ఈయన గేటు దగ్గర నుంచి ఉరికొచ్చాడు. "తెల్వక చేసింది సార్. పండుగని చేసింది. నిమ్మకాయ కలిపింది సార్, అంతే సార్."

"నిమ్మకాయ" అన్నారు సారు. కూర్చున్నారు. "ఇది చిప్ప అమ్మా. సముద్రపు చిప్ప. పులుపు తగిలితే కరుగుతది. మళ్ళీ రాదు ఇది."

అరవలేదు. అరిస్తే బాగుండేది. "నీ తప్పు కాదు, నేను చెప్పి ఉండాల్సింది" అన్నారు. అని ముఖం తిప్పుకున్నారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను చూశాను.

జనార్దన్ సారు మెల్లగా, "పోనీ యార్, కథ దొరికింది కదా చెప్పుకోవడానికి" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

మటన్ ఎవరూ సరిగ్గా తినలేదు.

అడగాలనుకున్నది అడగలేదు.

అక్టోబర్ 3

నాది ఎక్కడ తప్పు? ఇనుము సంగతి తెలుసు. చిప్ప సంగతి తెలియదు. తెలియదని తెలియలేదు.

అక్టోబర్ 8, ఆదివారం

సారు పెట్టెను కారులో పెట్టుకుని పట్నం ఇంటికి తీసుకుపోయారు. తాళం నా దగ్గర నుంచి అడిగి తీసుకోలేదు. నేనే బల్ల మీద పెట్టాను, ఆయన తీసుకున్నారు.

ముత్యపు చిప్ప కత్తి మాత్రం వంటింట్లో వదిలేశారు. యోసేపన్నతో అన్నారట, "ఇది ఇక ఇక్కడే ఉండనియ్. నిమ్మకాయలు కోసుకోండి."

ఎగతాళిగా అన్నారో మామూలుగా అన్నారో యోసేపన్నను అడిగాను. "మామూలుగనే అన్నడు చెల్లె. ఇటు చూడకుండ అన్నడు" అన్నాడు.

ఈ రాత్రి మంచం మీద ఈయన అటు తిరిగి పడుకుని అన్నాడు. "ఆగస్టుల నేను సారును అడుగలే. అడిగిన అని చెప్పిన గంతే. ధైర్యం రాలే."

నాకు తెలుసులే అన్నాను. నాకు తెలుసా? ఏమో. కోపం రాలేదు. ఫినాయిల్ అడిగినదాన్ని నేను.

అక్టోబర్ 15, ఆదివారం

యోసేపన్న సోడాల కోసం ఆ కత్తితోనే నిమ్మకాయలు కోస్తున్నాడు. "మస్తు తెగుతది చెల్లె, వెన్న కోసినట్టు" అన్నాడు. అలుగు మీద నీళ్ళ గీతల నడుమ నల్ల మచ్చలు మొదలయ్యాయి. పని అయ్యాక నేను కడిగి, తుడిచి, కీలులో ఒక చుక్క మంచినూనె వేసి పెడుతున్నాను. ఎవరూ వద్దనడం లేదు. చెయ్యమనీ ఎవరూ చెప్పలేదు.

కీలు ఇంకా ఒక్కటే చప్పుడు.

అక్టోబర్ 22, ఆదివారం

దీపావళికి ఆలూరు పోలేకపోయాం, సారు ఇంటికి చుట్టాలు వచ్చారు. అవ్వ ఫోన్‌లో, దీపాలు పెడితే బాపు ఏవి ఏవి అని అడిగాడంది. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి వేడి తగిలేంత దగ్గరికి చూపిస్తే, "ఆఁ, ఉన్నది ఉన్నది" అన్నాడట.

నవంబర్ 2

డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ పోయారు, అవ్వ, బాపు. వెలుగు, చీకటి తెలుస్తున్నాయట. అంతే.

నవంబర్ 10

యోసేపన్నను అడిగాను. మాట రాదేమో అనుకున్నాను, వచ్చింది. ఆయనను అడగడం ఇంత తేలిక అయితే ఇన్నాళ్ళు నేను ఎవరిని చూసి భయపడ్డాను?

"అన్నా, ఒక్క రోజు ఈ కత్తి తీసుకపోత. మా బాపుకు చూపిస్త." చూపిస్తా అనే వచ్చింది నోట్లోంచి.

"పట్కపో చెల్లె. అడుగుతవేంది? ఎవరిది ఇప్పుడది?" చేతికి ఇవ్వబోయి ఆగి, గట్టు మీద పెట్టాడు. "మా చర్చిల గీ పట్టింపు లేదు గని, నువ్వు చేతికి తీసుకోవని తెలుసు. కత్తి చేతికి చేతికిస్తే కొట్లాటైతదంటరు గద, నీతోని నాకెందుకు కొట్లాట."

ఈయనకు చెప్పాను. కాసేపు గేటు వైపు చూశాడు. "సంచిల అడుగున పెట్టుకో. నేను బస్సు దాక వస్త" అన్నాడు.

నవంబర్ 12, ఆదివారం

బాపు కొలిమి దగ్గరే కూర్చున్నాడు. చల్లటి కొలిమి. నా అడుగుల చప్పుడు వినే, "అరుణనా? తెచ్చినవా?" అన్నాడు. తెస్తానని నేను చెప్పనే లేదు.

నేల మీద పెట్టాను. ఆయన తడుముకుని తీసుకున్నాడు.

తెరిచాడు. టక్.

మూశాడు.

చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ తెరిచాడు, మళ్ళీ మూశాడు. అవ్వ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. ఎన్నిసార్లు తెరిచి మూశాడో! గోరుతో వీపు మీద గీశాడు. తెరిచి గీశాడు, సగం మడిచి గీశాడు, మూసి గీశాడు. గోరు ఎక్కడా ఆగలేదు. అలుగును రెండు వేళ్ళతో పట్టుకుని పక్కలకు ఊపి చూశాడు. అది ఊగలేదు. ఊగాలని చూస్తున్నాడేమో అనిపించింది నాకు ఒక్క క్షణం.

"దొరికింది వానికి" అన్నాడు. "కీలు దొరికింది."

"ఎట్ల కూసుండవెట్టిండు బాపు?"

"ఏమో బిడ్డా. కండ్లుంటే చెప్పేటోన్ని."

తర్వాత పిడి మీదికి వేళ్ళు వచ్చాయి. "గిదేంది, చల్లగున్నది?"

"ముత్యపు చిప్ప."

"మెరుస్తదా?"

అవ్వ నా వైపు చూసింది. అవ్వకు కనబడుతోంది ఆ మరక.

"మెరుస్తది బాపు."

"ఎట్ల మెరుస్తది?"

మొదటి రోజు చూసింది చెప్పాను. సబ్బు నురగ మీద ఎండ పడ్డట్టు. గులాబీ, ఆకుపచ్చ, నీలం, ఒకదాని వెనక ఒకటి. మనం కదిలితే రంగు కదులుతుంది. నేను చెబుతుంటే బాపు కత్తిని మెల్లగా అటూ ఇటూ తిప్పాడు, వాకిట్లో వెలుగు ఉన్న వైపు. చూస్తున్నట్టే తిప్పాడు. బొటనవేలు పిడి మీద నడుస్తోంది.

మధ్యలో గరుకు దగ్గర వేలు ఆగింది.

అక్కడే చాలాసేపు ఉంది. చుట్టూ తిరిగింది. బొట్టు ఎంత ఉందో అంత మేరా, సరిగ్గా దాని అంచు వెంట తిరిగింది. దసరా బొట్టు ఎంత ఉంటుందో ఆ వేలికి తెలియదా? ఎన్ని దసరాలు పెట్టిన వేలు అది.

నేను పక్కన కూర్చుని ఆ వేలినే చూస్తున్నాను.

"మంచిగ మెరుగువెట్టిండు" అన్నాడు బాపు. కత్తి మూసి, నా చేతికి ఇవ్వకుండా నేల మీద పెట్టాడు.

నవంబర్ 13

కత్తి గట్టు మీద పెట్టేశాను. యోసేపన్న నిమ్మకాయలు కడుగుతున్నాడు.